ఆ నాలుగక్షరాలూ మీ నుదుటి రాత కాదు

మొన్న మా టీములో కొత్తగా చేరిన ఓ కుర్రాడు తనని తాను పరిచయం చేసుకుంటూ పేరు చెప్పాడు, కాలేజీ చెప్పాడు. తర్వాత ఊరు చెబుతాడేమో అనుకుంటే "ఐ ఎన్ టీ పీ" అన్నాడు. ముందే తెలిసుండకపోతే అదేదో కొత్త రకం బ్లడ్ గ్రూపనుకునేవాణ్ణి. పక్కనున్న అమ్మాయి కళ్ళింత చేసుకుని "నేనూ ఐ ఎన్నే! కాకపోతే ఎఫ్ జే" అంది. మిగతావాళ్ళు కూడా తలా నాలుగక్షరాలు బయటికి తీశారు. అయిదు నిమిషాల్లో మా టీమంతా పదహారు గళ్ళలో బుద్ధిగా సర్దుకుంది. నా వంతొచ్చింది. "నాదా? మకర రాశి, ఉత్తరాషాఢ, మనుష్య గణం" అన్నాను. అందరూ నవ్వారు. జోకేశాననుకున్నారు.

జోకు కాదండీ. మన పెద్దవాళ్ళు మనుషుల్ని 27 నక్షత్రాల్లో పెట్టి, ఆ నక్షత్రాల్ని తొమ్మిదేసి చొప్పున దేవ, మనుష్య, రాక్షస గణాలకి పంచారు. పెళ్ళి పొంతనాల్లో మొత్తం 36 మార్కులైతే అందులో గణానికి 6. పిల్లది రాక్షస గణం అని తేలితే, ఆ పిల్ల చదువేంటి, మాటతీరేంటి, మనసేంటి అని చూడకుండానే వెనక్కి తిరిగి వెళ్ళిపోయిన పెళ్ళివారు ఎంతమందో! దాన్ని మూఢనమ్మకం అని మనం నవ్వుతాం. అదే పని ఇంగ్లీషు అక్షరాలతో, ప్రొజెక్టరు మీద, టై కట్టుకున్నాయన చేస్తే మాత్రం 'సెల్ఫ్ అవేర్‌నెస్' అంటాం.

ఈ గోల తెలియని అదృష్టవంతుల కోసం క్లుప్తంగా చెబుతాను. 1921లో కార్ల్ యూంగ్ మనస్తత్వాల్లో రకాల గురించి జర్మన్‌లో ఓ పుస్తకం రాశాడు. 1923లో అది ఇంగ్లీషులోకొచ్చింది. అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్ అనే ఆవిడ అది చదివి మైమరచిపోయింది. ఆవిడ కూతురు ఇసబెల్ బ్రిగ్స్ మైయర్స్ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో దాన్నో ప్రశ్నపత్రంగా మార్చే పని మొదలెట్టింది. 1962లో దాన్ని ప్రచురించింది ఎవరనుకున్నారు? ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్. అవును, మనవాళ్ళంతా నిద్రలో కూడా కలవరించే జీఆర్ఈ, టోఫెల్ వాళ్ళే. 1975లో అది వేరే ప్రచురణ సంస్థ చేతికెళ్ళింది. అక్కణ్ణుంచి ఆఫీసుల్లోకి, కాలేజీల్లోకి, చివరికి పెళ్ళిచూపుల్లోకి పాకింది.

పరీక్షలో తేల్చేవి నాలుగు. మీరు నలుగురిలో పడేవాళ్ళా, మీలో మీరుండేవాళ్ళా? కంటికి కనపడేదాన్ని నమ్ముతారా, ఊహని నమ్ముతారా? బుర్రతో నిర్ణయిస్తారా, మనసుతోనా? అన్నీ ముందే ప్లాను వేసుకుంటారా, ఎప్పటికేది తోస్తే అది చేస్తారా? ఒక్కోదానికి రెండే జవాబులు. రెండు ఇంటూ రెండు ఇంటూ రెండు ఇంటూ రెండు, పదహారు. సృష్టిలో మనుషులు పదహారు రకాలు. అయిపోయింది, ఇళ్ళకి పోవచ్చు.

తల్లీకూతుళ్ళిద్దరూ సైకాలజీ చదవలేదనీ, తల్లిది వ్యవసాయ శాస్త్రమనీ, కూతురిది రాజనీతి శాస్త్రమనీ, పైగా డిటెక్టివ్ నవలలు కూడా రాసిందనీ కొందరు వెక్కిరిస్తుంటారు. నేనా పని చెయ్యను. మన ఫీల్డులో సివిలూ మెకానికలూ చదివొచ్చి కోడ్ రాస్తున్నవాళ్ళు ఎంతమంది లేరు? డిగ్రీ కాదు, చేసిన వస్తువు పనిచేస్తోందా లేదా అన్నదే లెక్క. ఆ లెక్కే చూద్దాం.

మొదటిది. ప్రోగ్రామర్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఇది ఫ్లోట్‌ని పట్టుకొచ్చి బూలియన్‌లో కుక్కడం. మాటకారితనం ఎత్తు లాంటిది. ఊళ్ళో అందరి ఎత్తులూ కొలిస్తే ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు. మరీ పొట్టి, మరీ పొడుగు కొద్దిమందే. సరిగ్గా ఆ జనం కిక్కిరిసి ఉన్న మధ్యలో గీత గీసి, ఇటు ఉన్నవాళ్ళంతా పొట్టి జాతి, అటు ఉన్నవాళ్ళంతా పొడుగు జాతి అంటే ఎలా ఉంటుంది? నూటికి 49 వచ్చినవాడు ఒక జాతి, 51 వచ్చినవాడు ఇంకో జాతి. కానీ 51 వాడూ 99 వాడూ మాత్రం కవల పిల్లలు! 1989లో మెక్రే, కోస్టా అనే పరిశోధకులు ఈ పరీక్షని తిరగేసి చూసి తేల్చింది కూడా ఇదే. విడివిడి 'రకాలు' ఉన్నాయనడానికి ఆధారం లేదు, ఉన్నవల్లా నాలుగు కొలబద్దలు. అసలు పూర్తి అంతర్ముఖుడూ, పూర్తి బహిర్ముఖుడూ ఎక్కడా ఉండడని యూంగే చెప్పాడు. గురువుగారికి లేని పట్టింపు శిష్యులకొచ్చింది.

రెండోది. ఒకే కోడ్ మీద ఒకే టెస్టు ఇవాళ పాసయ్యి రేపు ఫెయిలైతే ఏం చేస్తాం? ఆ టెస్టుని తీసి అవతల పారేస్తాం. అయిదు వారాల తేడాతో ఈ పరీక్ష మళ్ళీ రాయిస్తే సగం మంది దాకా వేరే గడిలో తేలొచ్చని 1993లో డేవిడ్ పిట్టెంజర్ రాశాడు. "అబ్బే, ఒక్కో అక్షరం విడిగా చూస్తే నిలకడగానే ఉంటుంది" అంటారు పరీక్ష తరఫువాళ్ళు. సరే, ఒప్పుకుందాం. ఒక్కో అక్షరం మారకుండా ఉండే అవకాశం నూటికి 85 అనుకోండి. మరి నాలుగూ మారకుండా ఉండాలంటే? 0.85ని నాలుగుసార్లు గుణించండి. 0.52 వస్తుంది. అంటే ఇంచుమించు బొమ్మా బొరుసూ.

"కానీ నాకు మాత్రం అచ్చు గుద్దినట్టు సరిపోయిందండీ!" అని మీరనొచ్చు. సరిపోతుంది మరి. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అధ్యాపకుడు తన క్లాసులో 39 మందికి ఒక మనస్తత్వ పరీక్ష పెట్టి, తర్వాత ఎవరి ఫలితం వాళ్ళకిచ్చి, మీకెంత బాగా కుదిరిందో అయిదుకి మార్కులెయ్యండన్నాడు. సగటున 4.26 వేశారు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం. అందులో వాక్యాలు ఎక్కువగా బజారులో అమ్మే జాతకాల పుస్తకంలోంచి ఎత్తినవి. 'మీరు పైకి గంభీరంగా కనిపిస్తారు గానీ లోపల మనసు వెన్న' అంటే కాదనేవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. చిలక జోస్యం వాడు కూడా ఇదే చెబుతాడు. కాకపోతే చవగ్గా చెబుతాడు :)

ఇంతవరకూ చెప్పింది ఎవరైనా ఓ గంట గూగులిస్తే దొరికేదే. అసలు ఉట్టి సరదా అయితే నాకేం పోయింది, ఎవరి పిచ్చి వాళ్ళకి ఆనందం అని ఊరుకునేవాణ్ణి. నా గొడవ వేరే ఉంది. ఇది చెప్పాలంటే నా తప్పొకటి ఒప్పుకోవాలి.

2013లో నేను పాతికమందికి లీడ్‌ని. హెచ్చార్ వాళ్ళు మమ్మల్ని మొయినాబాద్ వైపు ఓ రిసార్టుకి తీసుకెళ్ళి ఈ పరీక్షే పెట్టించారు. మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం అక్షరాలు. ఒక్కొక్కరికీ చొక్కాకి పెట్టుకోడానికి బిళ్ళ కూడా ఇచ్చారు. మా టీములో ఒకమ్మాయి ఉండేది. చేరి రెండేళ్ళయింది. పని రాక్షసంగా చేస్తుంది. (చూశారా, గణం ఎలా దొర్లిందో!) కానీ మీటింగుల్లో నోరు తెరవదు. అమెరికా క్లయింటు కాల్లో ఎవరైనా పేరు పెట్టి అడిగితే "ఎస్, ఓకే" అంటుంది, అంతే. ఆమె బిళ్ళ మీద మొదటి అక్షరం ఐ వచ్చింది. ఇంట్రావర్ట్. 'అదీ సంగతి, నేననుకుంటూనే ఉన్నాను' అనుకున్నాను. ఇలాంటి పరీక్షలు మనకి ఎంతో ఇష్టం ఎందుకంటే, మనం ముందే అనుకున్నదాన్ని అవి స్టాంపు వేసి మన చేతికిస్తాయి.

తర్వాత అప్రైజల్ వచ్చింది. ఆమె ఫారంలో నా చేత్తో నేను రాశాను: పని అద్భుతం, స్వభావరీత్యా ఇంట్రావర్ట్, క్లయింటుతో మాట్లాడాల్సిన పనులకి నప్పదు. ఏదో తిట్టాలని రాసింది కాదు. ఆమెని ఇబ్బంది పెట్టకుండా కాపాడుతున్నాననే అనుకున్నాను. ఆ యేడు మాకొచ్చిన ఒక్క ఆన్‌సైట్ అవకాశం ఆమె కన్నా సగం పని తెలిసి, రెట్టింపు ఇంగ్లీషు తెలిసిన కుర్రాడికెళ్ళింది.

రెండు నెలల తర్వాత ఒక రాత్రి ప్రొడక్షన్‌లో సమస్యొచ్చి ఒంటిగంట దాకా కూర్చున్నాం. ఆఫీసు క్యాబులో వెనక్కొస్తున్నాం. ముందు సీట్లో నేను, వెనక ఆ అమ్మాయి. డ్రైవరు ఏదో అడిగాడు, ఈ అమ్మాయి మొదలెట్టింది. గచ్చిబౌలి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఆపితే ఒట్టు! వాళ్ళ ఊరు, చెరువు, సర్పంచి ఎన్నిక, వాళ్ళ నాన్న బోరు వేయించి ఎలా మునిగాడు, ఒకటి కాదు. మధ్యలో నేను ఆ రోజు సమస్య గురించి అడిగితే, డేటాబేస్‌లో రెండు పనులు ఒకదాని తాళం కోసం ఇంకోటి ఎలా కూర్చుండిపోయాయో, పొలానికి నీళ్ళు వదిలే వంతుల తగాదాతో పోల్చి, డ్రైవరుకి కూడా అర్థమయ్యేలా చెప్పింది. అంత చక్కటి వివరణ నేనెక్కడా వినలేదు.

"మరి కాల్స్‌లో ఎందుకమ్మా మాట్లాడవు?" అన్నాను.

"మా ఇంట్లో నన్ను వసపిట్ట అంటారు సర్" అంది నవ్వుతూ. తర్వాత కాసేపాగి, "నేను టెన్త్ దాకా తెలుగు మీడియం సర్. మనసులో ఇంగ్లీషు వాక్యం పేర్చుకుని, తప్పుల్లేవని చూసుకునేలోపు మీరంతా తర్వాతి పాయింటుకి వెళ్ళిపోతారు. మొదట్లో రెండుసార్లు మాట్లాడాను. ఒకసారి ఎవరో నవ్వారు. ఇంకెందుకులే అనుకున్నాను" అంది.

ఎవరో కాదు, ఆ నవ్వినవాళ్ళలో నేను కూడా ఉండే ఉంటాను. నాకు గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే ఇంకా సిగ్గుచేటు.

మర్నాడు ఆ ఫారం మార్చడానికి వెళ్తే, సైకిల్ మూసేశాం, ఇక వచ్చే యేడే అన్నారు. వచ్చే యేటికి ఆ అమ్మాయి మా దగ్గర లేదు. వేరే చోటికి వెళ్ళిపోయింది, బాగానే ఉంది. కానీ అది నా గొప్పతనం కాదు కదా.

ఇప్పుడర్థమైందా నా గొడవేంటో? ఆ అమ్మాయి నిశ్శబ్దానికి కారణాలు ఉన్నాయి. భాష, భయం, నవ్విన మనుషులు, ఆగకుండా పరిగెత్తే మీటింగు. ఇవన్నీ మార్చగలిగినవే, మార్చాల్సింది కూడా మేమే. ఒక్క అక్షరం వచ్చి అవన్నీ తుడిచేసి 'ఆమె స్వభావమే అంత' అని తేల్చేసింది. తప్పు మా మీటింగు నుంచి ఆమె పుట్టుకకి బదిలీ అయింది. ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్ళని చూశాం గానీ, ఇక్కడ మద్దెల మీద చెయ్యి వెయ్యనివ్వకుండా 'నీకు ఆట రాదు' అని సర్టిఫికెట్ ఇచ్చాం. పైగా ఈ పరీక్షని ఉద్యోగాల ఎంపికకి వాడడం నైతికం కాదని మైయర్స్-బ్రిగ్స్ ఫౌండేషనే చెబుతుంది. చెబితే వినేదెవరు? చొక్కాకి తగిలించిన బిళ్ళ మేనేజరు కంటికి కనపడకుండా పోతుందా?

ఇది ఆఫీసు సంగతి. ఇక ఇంటి సంగతి. ఆ రిసార్టులో నాకొచ్చిన మొదటి అక్షరం కూడా ఐ. నాకెంత హాయి అనిపించిందో చెప్పలేను. అంతకుముందు చుట్టాలకి ఫోన్ చెయ్యకపోతే 'బద్ధకిస్టు' అని నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి. ఆ తర్వాత తిట్టుకోవడం మానేశాను. నా టైపంతే! పెళ్ళిళ్ళకి వెళ్ళకపోతే, టైపు. పక్కింటాయన ఎదురుపడితే ఫోను చూసుకుంటూ పోతే, టైపు. నన్ను ఇంజనీరింగ్ చదివించిన మా మావయ్యకి భార్య పోయిందని తెలిసినప్పుడు, ఫోన్ చేసి ఏం మాట్లాడాలో తెలీక ఒక మెసేజీ పంపి ఊరుకున్నాను. ఇంట్రావర్టులకి ఫోన్లు కష్టం అని ఎక్కడో చదివాను కదా! మావయ్య ఏమీ అనలేదు. "అందింది నాన్నా" అని జవాబిచ్చాడు, అంతే.

నా టైపు పురాణం ఓపిగ్గా విని మా ఆవిడ ఒకరోజు అంది: "మీ ఆఫీసువాళ్ళతో రోజుకి ఆరు గంటలు ఫోన్లో మాట్లాడతారు కదండీ, వాళ్ళకి మీ టైపు తెలీదా?"

నా దగ్గర జవాబు లేదు. జీతం వచ్చే చోట మాటలొస్తాయి, రాని చోట టైపు అడ్డమొస్తుంది. దానికి సైకాలజీ అక్కర్లేదు, తెలుగులో వేరే పేరుంది. స్వార్థం అంటారు.

'పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు' అని సామెత. దాన్ని మనం ఎప్పుడు వాడతాం? ఎవణ్ణన్నా ఇక బాగుపడడు అని వదిలేసేటప్పుడు. ఈ నాలుగక్షరాలు అదే సామెతని మనంతట మనమే, సంతోషంగా, మన మీద వేసుకునేలా చేస్తాయి. అంతే తేడా.

ఇప్పుడు మీ అభ్యంతరాలు. "అంటే స్వభావాలే లేవంటారా?" లేవని ఎవరన్నారు? ఇద్దరు పిల్లల్ని పెంచిన ఏ తల్లినడిగినా చెబుతుంది ఉన్నాయని. పరిశోధకులు ఎక్కువగా వాడే అయిదు కొలతల పద్ధతి ఉంది, బిగ్ ఫైవ్ అంటారు. అందులో గళ్ళుండవు, కొలబద్దలే ఉంటాయి. పనిలో శ్రద్ధ అనే కొలతకీ ఉద్యోగంలో పనితీరుకీ ఎంతో కొంత సంబంధం ఉందని 1991లో బారిక్, మౌంట్ చాలా అధ్యయనాల్ని కలిపి చూపించారు. కానీ ఆ కొలతలు కూడా రాయి మీద చెక్కినవి కావు. వయసుతో పాటు, ముఖ్యంగా ఇరవైల నుంచి నలభైల మధ్య, సగటున జనానికి శ్రద్ధా, మనసు నిలకడా పెరుగుతాయని 2006లో రాబర్ట్స్ బృందం ఇలాగే ఎన్నో అధ్యయనాలు కలిపి తేల్చింది. ఇక ఒక చోట మన తీరుని బట్టి ఇంకో చోట మనమేం చేస్తామో చెప్పడం అనుకున్నంత తేలిక కాదని 1968లోనే వాల్టర్ మిషెల్ ఓ పుస్తకం రాసి పెద్ద దుమారం లేపాడు. క్యాబులో వసపిట్ట, కాల్లో మౌనముని. ఇద్దరూ ఆ అమ్మాయే.

"నాలో ఏదో లోపం ఉందని కుమిలిపోయేవాణ్ణి, ఈ టైపు గురించి చదివాక నాలాంటివాళ్ళు ఉన్నారని ఊరట దొరికింది" అని ఒక స్నేహితుడన్నాడు. ఈ మాటని నేను కొట్టిపారెయ్యను. గోలగా ఉండేవాళ్ళనే తెలివైనవాళ్ళుగా లెక్కేసే లోకంలో నెమ్మదస్తుడికి ఆ ఊరట అవసరమే. కానీ ఊరటనిచ్చింది 'నువ్వొక్కడివే కాదు' అన్న కబురు. ఆ కబురు కోసం గడిలో కాపురం పెట్టక్కర్లేదు. జ్వరం వచ్చినప్పుడు నలుగురికీ ఇదే జ్వరం ఉందంటే ధైర్యంగా ఉంటుంది, అలాగని 'నేను జ్వరం జాతివాణ్ణి' అనం కదా.

"ఊరికే సరదాకండీ, మీరు మరీ సీరియస్ అయిపోతున్నారు" అనేవాళ్ళకి ఒక్కటే జవాబు. సరదా అనేది సమానుల మధ్య. జీతం రాసేవాడి చేతిలో జీతం తీసుకునేవాడి నాలుగక్షరాలు పెట్టాక అది సరదా కాదు.

మరి నేనేం చేస్తున్నానంటారా? పెద్ద విశేషమేం కాదు. ఎవరి గురించైనా 'వాడు ఫలానా టైపు' అని నోటికి రాగానే మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాను. ఎక్కడ? ఎవరి ముందు? ఏ భాషలో? నూటికి తొంభైసార్లు టైపు అక్కడే ఆవిరైపోతుంది. మా మీటింగుల్లో చర్చించేవి ముందురోజే రాసి పంపుతున్నాను. మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడరు, ఎవరికి తోచింది వాళ్ళు రాస్తారు, తర్వాత ఒక్కొక్కరి మాటా వింటాం. తెలుగు రానివాళ్ళు లేని మీటింగైతే తెలుగే. ఇంట్రావర్టులని పేరుబడ్డ ఇద్దరు ఇప్పుడు నా డిజైనుని నా మొహం మీదే చీల్చి చెండాడుతున్నారు. కాస్త బాధగానే ఉంది గానీ డిజైను మాత్రం బాగుపడింది.

అప్రైజల్ ఫారాల్లో మనిషి ఎలాంటివాడో రాయడం మానేశాను. ఏం చేశాడో, ఏ అవకాశం ఇచ్చామో, ఏది ఇవ్వలేదో రాస్తాను. మావయ్యకి ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తున్నాను. మొదటి రెండు వారాలు ఇద్దరికీ మాటలు దొరకలేదు. వానల గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుకున్నాం. ఇప్పుడు అలవాటైపోయింది. ఇది టైపు మారడం కాదు, ఫోన్ చెయ్యడం. అంతే.

ఇంతకీ ఆ కొత్త కుర్రాడు. టీ తాగేటప్పుడు "మీ టైపేంటో చెప్పనేలేదు సర్" అని మళ్ళీ అడిగాడు. "అది సరేగానీ, మీదే ఊరు?" అన్నాను. చెప్పాడు. అరగంట చెప్పాడు. ఐ అన్న అక్షరం ఎక్కడా కనపడలేదు.